ఆరు మిల్లీమీటర్ల సైనికుడు

1988లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో గేమ్స్ వర్క్‌షాప్ అనే కంపెనీ ఒక కొత్త ఆట పెట్టెను మార్కెట్లోకి తెచ్చింది. పేరు ‘అడెప్టస్ టైటానికస్’. దూర భవిష్యత్తులో, మేడలంత ఎత్తున్న యుద్ధ యంత్రాలు నగరాల నడుమ తలపడే ఆట అది. యంత్రాలను ప్లాస్టిక్‌లో పోయాలంటే ఉక్కు అచ్చు చెక్కించాలి. దాని ఖర్చు అంతా ఇంతా కాదు. అందుకని ఒక్క నమూనాతోనే సరిపెట్టారు. పెట్టెలోని ఆరు యంత్రాలూ ఒకే పోలికతో వచ్చాయి. అయితే ఆటకు రెండు పక్షాలుండాలి కదా! ఇరు పక్షాల చేతిలోనూ ఒకే రకం యంత్రం ఎందుకున్నట్టు? రూపకర్తలు ఆ చిక్కును కథతో విప్పారు: ఇది ఒకే సామ్రాజ్యం రెండుగా చీలి కొట్టుకుంటున్న అంతర్యుద్ధం అన్నారు. ‘హోరస్ హెరెసీ’ అనే ఆ తిరుగుబాటు కథే 2006 నుంచి నవలలుగా రావడం మొదలై యాభై పుస్తకాలు దాటింది. దాయాదుల పోరు మనకు కొత్తేమీ కాదు గానీ, అచ్చు ఖరీదు వల్ల పుట్టిన దాయాదుల పోరు మాత్రం బహుశా ఇదొక్కటే.

ముందు కథ పుడుతుందనీ, బొమ్మ దాని వెంట వస్తుందనీ అనుకుంటాం. చిన్న బొమ్మలతో ఆడే మినియేచర్ యుద్ధక్రీడల చరిత్రలో చాలాసార్లు జరిగింది దీనికి తలకిందులు. ఏ కాలంలో ఏ రకం అచ్చు అందుబాటులో ఉంటే ఆ సైన్యమే బల్ల ఎక్కింది.

ఈ ఆటల మూలాలు వెతుక్కుంటూ పోతే చదరంగం దగ్గర తేలతాం. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో ఉండే యోహాన్ హెల్విగ్ పురుగుల శాస్త్రంలో పేరున్నవాడు. 1780లో ఆయన చదరంగాన్ని సాగదీసి, గళ్లకు కొండలు, నదులు, అడవుల రంగులు వేసి, ఏనుగులూ గుర్రాల చోట ఆనాటి పటాలాలను నిలిపాడు. 1812లో ప్రష్యాలో రైస్విట్జ్ అనే అధికారి రాజుకోసం గళ్లే లేని యుద్ధ బల్ల తయారుచేశాడు. 1824లో ఆయన కొడుకు దానికి పాచికలు జోడించి, మ్యాపును 1:8000 స్కేలులో గీసి, సైన్యాధికారుల శిక్షణకు పనికొచ్చే నియమాల పుస్తకం అచ్చువేశాడు. తుపాకీ పేలితే గుండు తగలొచ్చు, తగలకపోవచ్చు. ఆ ‘వచ్చు’ను పాచికకు అప్పగించడమే దాంట్లో అసలు కిటుకు. ఇన్నాళ్లకూ అది మారలేదు.

బొమ్మల సంగతి వేరే దారిలో నడిచింది. న్యూరెంబర్గ్‌లో పలకరాతి మీద బొమ్మను చెక్కి, అందులో తగరం పోసి రేకులాంటి చదును సైనికులను తీసేవారు. 1893లో లండన్‌లో విలియం బ్రిటన్ జూనియర్ ఒక ఉపాయం పట్టాడు. కరిగిన సీసపు మిశ్రమాన్ని అచ్చులో పోసి, అంచుకు పట్టిన పొర గట్టిపడగానే లోపలి ద్రవాన్ని తిరిగి ఒంపేశాడు. బొమ్మ బోలుగా వచ్చింది, బరువు తగ్గింది, ధర దిగింది. దాంతో మధ్యతరగతి పిల్లల చేతికి సైన్యాలు వచ్చాయి.

పిల్లలతో పాటు ఒక పెద్దమనిషి చేతికి కూడా వచ్చాయి. ఆయన ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్. 1913లో ఆయన రాసిన ‘లిటిల్ వార్స్’ ఇంట్లో ఆడుకునే యుద్ధక్రీడకు తొలి ప్రసిద్ధ నియమావళి. నేల మీద సైనికులను బారులు తీర్చి, స్ప్రింగుతో పేలే బొమ్మ ఫిరంగి నుంచి చిన్న చెక్క ముక్కను వదిలితే ఎవరు పడిపోతే వాళ్లు చచ్చినట్టు. ఇక్కడొక విడ్డూరం ఉంది. అప్పటికి పదిహేనేళ్ల కిందటే ఒక నవలలో అంగారక గ్రహవాసుల మూడు కాళ్ల యంత్రాలను లండన్ మీదికి తోలినవాడు, 1903లోనే ఒక కథలో ట్యాంకులను పోలిన ఉక్కు వాహనాలను ఊహించినవాడు, తన ఆటలో మాత్రం మామూలు కాల్బలం, ఆశ్వికదళం, ఫిరంగులతోనే సరిపెట్టుకున్నాడు. ఆయనకు ఊహ కరువై కాదు. బొమ్మల అంగట్లో దొరికేవి అవే. అచ్చులో లేనిది ఆటలోకి రాలేదు. పుస్తకం వచ్చిన మరుసటి ఏడే అసలు ప్రపంచయుద్ధం మొదలైంది.

రబ్బరు అచ్చు వచ్చాక గాని పరిస్థితి మారలేదు. ఈ పద్ధతిని దగ్గరగా చూడటం మంచిది, ఎందుకంటే ఇవాళ్టికీ లోహపు బొమ్మలు ఇలాగే పుడుతున్నాయి. రెండు గుండ్రని రబ్బరు బిళ్లల మధ్య శిల్పి చేసిన మూల బొమ్మలను వలయంగా పేర్చి, వేడి, ఒత్తిడి పెడతారు. రబ్బరు గట్టిపడి బొమ్మల ఆకారాన్ని పట్టేస్తుంది. బొమ్మలు తీసేసి, నడిమధ్య రంధ్రం నుంచి ఒక్కో గుంతకూ కాలువ కోస్తారు. గాలి పోవడానికి వెంట్రుకవాసి గాట్లు పెడతారు. టాల్కం పొడి చల్లి, బిళ్లలను మూసి, యంత్రం మీద గిర్రున తిప్పుతూ నడిమి రంధ్రంలో కరిగిన లోహం పోస్తారు. అపకేంద్ర బలం లోహాన్ని అంచుల దాకా నెడుతుంది. లోహం చల్లబడ్డాక రబ్బరును వంచి ఒలిస్తే బొమ్మలు ఊడి వస్తాయి. ఒక్క పోతకు డజన్లకొద్దీ. రబ్బరు వంగుతుంది కనుక వంపుల్లో బొమ్మ ఇరుక్కోదు. ఉక్కు అచ్చుకు ఆ సౌలభ్యం లేదు. పైగా రబ్బరు అచ్చు చౌక కాబట్టి, ఇంటి షెడ్డులో ఒక్క మనిషి కూడా సైన్యాల ఫ్యాక్టరీ పెట్టుకోగలిగాడు. 1950లలో కాలిఫోర్నియాలో జాక్ స్క్రూబీ చేసింది దాదాపు అదే. రబ్బరు అచ్చులతో చవకగా సైనికులను పోసి అమ్మాడు, 1957లో ఈ ఆటలకోసం ప్రత్యేకంగా ఒక పత్రిక కూడా నడపడం మొదలెట్టాడు.

ఇక బొమ్మ చిన్నదవ్వడం. దీని వెనుక ఉన్నది సౌందర్యం కాదు, లెక్క. యుద్ధక్రీడల్లో బాగా చలామణిలో ఉన్న సైజు 28 మిల్లీమీటర్లు, అంటే సుమారు 1/60 స్కేలు. ట్యాంకు గుండు రెండు కిలోమీటర్లు పోతుందనుకుంటే, ఆ స్కేలులో అది 33 మీటర్లు. ఆట ఆడటానికి కల్యాణ మండపం మాట్లాడుకోవాలి. అదే 1/285 స్కేలుకు దిగితే ఏడు మీటర్లవుతుంది, మనిషి ఆరు మిల్లీమీటర్లవుతాడు. ఇంకాస్త దూరాలను కుదిస్తే భోజనాల బల్ల చాలు. 1967లో మినియాపొలిస్‌లో మొదలైన జీహెచ్‌క్యూ కంపెనీ సరిగ్గా ఈ 1/285 స్కేలులో ట్యాంకులు పోసింది. 1970లలో అమెరికా సైన్యం తన కిందిస్థాయి అధికారుల శిక్షణకు ‘డన్-కెంఫ్’ అనే ఆటను తయారుచేసుకున్నప్పుడు వాడింది కూడా ఈ స్కేలు బొమ్మలనే.

ఇంకో లెక్క జేబుకు సంబంధించింది. ఎత్తు నాలుగున్నర రెట్లకు పైగా తగ్గితే ఘనపరిమాణం సుమారు వంద రెట్లు తగ్గుతుంది. ఒక్క 28 మిల్లీమీటర్ల సైనికుడికి పట్టే లోహంతో వంద మంది చిన్నవాళ్లను పోయవచ్చు. గుంపులుగా సైన్యాన్ని నడపాలనుకునేవాడికి ఇంతకన్నా మంచి వార్త ఏముంటుంది?

సైన్స్ ఫిక్షన్ ఈ తలుపు గుండానే లోపలికొచ్చింది. 1977లో టెక్సస్‌లోని మెటాగేమింగ్ కంపెనీ 2.95 డాలర్లకు ‘ఓగర్’ అనే చిన్న ఆటను విడుదల చేసింది. స్టీవ్ జాక్సన్ రూపకల్పన. ఒక పక్షాన ఒకే ఒక్క రాక్షస ట్యాంకు, దానికి మనిషి డ్రైవరు ఉండడు, సొంత బుద్ధితో నడుస్తుంది. రెండో పక్షాన మామూలు ట్యాంకులు, సైనికుల మూక. మొదట అన్నీ అట్టముక్కలే. లోహపు బొమ్మలుగా మారినప్పుడు 1/285 స్కేలునే ఎంచుకున్నారు. 1984లో షికాగోలోని ఫాసా కంపెనీ తెచ్చిన ‘బ్యాటిల్‌టెక్’ కూడా ఇంచుమించు ఈ సైజులోనే స్థిరపడింది. దాని తొలి రోబోలు కొన్ని జపాన్ యానిమేషన్ల నుంచి అరువు తెచ్చుకున్నవి. 1990లలో కోర్టు గొడవ వచ్చి ఆ బొమ్మలను పక్కన పెట్టాల్సి వచ్చింది.

బొమ్మలు పోసే లోహంలో, అంటే సీసంలో వచ్చిన మార్పు అంతకన్నా ముఖ్యం. సీసం చవక, సులువుగా కరుగుతుంది, అచ్చు మూలమూలకూ పారుతుంది. విషం కూడా. 1993లో న్యూయార్క్ రాష్ట్రం సీసం మీద కఠిన నిబంధనలు తేవడంతో అమెరికా తయారీదార్లు కంగారుపడి తగరం బాట పట్టారు. తగరం అంటే మన ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే లోహమే. పిల్లలున్న ఇంటికి అదే మేలు. కాకపోతే సీసం కన్నా బాగా ఖరీదు. పాత లోహపు బొమ్మలు ఎవరి దగ్గరైనా కొంటే సీసం ఉందనే అనుకుని, తాకాక చేతులు కడుక్కోవాలి. చిన్నపిల్లలకు అసలివ్వకూడదు.

ఇప్పుడు అచ్చే లేని కాలం వచ్చింది. చక్ హల్ 1983లో అతినీలలోహిత కాంతితో ద్రవ రెజిన్‌ను పొరపొరగా గట్టిపరిచి ఒక చిన్న గిన్నె చేశాడు. 1986లో ఆయనకు పేటెంట్ దక్కింది. ఆ పేటెంట్ల గడువు తీరాక చవక యంత్రాలు పుట్టుకొచ్చాయి. ఇప్పుడు ఇళ్లలో వాడే రెజిన్ ప్రింటర్‌లో ఫోన్ తెర లాంటి ఎల్‌సీడీ పలక ఉంటుంది. దాని కింద 405 నానోమీటర్ల కాంతి. తెర ఎక్కడ తెరిస్తే అక్కడ రెజిన్ గడ్డకడుతుంది. ఒక్కో పొర సుమారు 0.05 మిల్లీమీటర్లు. ఆరు మిల్లీమీటర్ల సైనికుడంటే 120 పొరలు. ఒక పొర మొత్తం ఒకేసారి గట్టిపడుతుంది కనుక, ఒకేసారి ఒక్క సైనికుణ్ణి ముద్రించినా వంద మందిని ముద్రించినా పట్టే సమయం ఒకటే. ఎత్తు మాత్రమే లెక్క. చిన్న స్కేలుకు ఇంత అనువైన యంత్రం ఇంతకుముందు లేదు. అయితే గట్టిపడని రెజిన్ చర్మానికి చెరుపు, దాని ఆవిరి ఊపిరికి మంచిది కాదు. నైట్రైల్ గ్లవుజులు, గాలి ఆడే గది లేకుండా దాని జోలికి పోవద్దు. పడకగదిలో పెట్టుకునే వస్తువు కాదది.

రంగులు వేయడం అంటేనే చాలామంది వెనక్కి తగ్గుతారు. నిజానికి చిన్న స్కేలులో అదే తేలిక పని. మంచి చూపున్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు వరకే విడదీసి చూడగలదు. మీటరు దూరంలో అది 0.3 మిల్లీమీటర్లు. 1/285 స్కేలులో సైనికుడి కన్ను 0.1 మిల్లీమీటరు. వేసినా కనిపించదు, కాబట్టి వేయనక్కర్లేదు. ముందు పూతగా తెల్ల ప్రైమర్, దాని మీద మామూలుకన్నా ఒక మెట్టు లేత రంగు, ఆపైన నీళ్లలా పలచన చేసిన ముదురు గోధుమ రంగు. ఆ పలచని రంగు పల్లాల్లోకి జారి, నీడలను తానే గీస్తుంది. నలుగురైదుగురు సైనికులను ఒకే చిన్న అట్ట మీద అంటించి, ఆ దళాన్ని ఒకటిగా కదుపుతారు.

మన దగ్గర ఈ బొమ్మలు వీధి చివరి అంగట్లో దొరికేవి కావు. విదేశాల నుంచి తెప్పిస్తే తపాలా ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిసి బొమ్మ ధరనే మింగేస్తాయి. అందుకని కొత్తగా దిగేవాళ్లు బొమ్మలతో మొదలుపెట్టడం తెలివైన పని కాదు. నియమాలతో మొదలుపెట్టాలి. వన్ పేజ్ రూల్స్ వాళ్ల ‘గ్రిమ్‌డార్క్ ఫ్యూచర్’ మూల నియమాలు ఉచితం. అవి పెద్ద బొమ్మలకోసం రాసినవి, దూరాలు అంగుళాల్లో ఉంటాయి. బళ్లో వాడే స్కేలును తిరగేసి, అంగుళం అన్నచోటల్లా సెంటీమీటరు అనుకుంటే చిన్న సైన్యానికి, చిన్న బల్లకు సరిపోతాయి. ఈ పద్ధతిలో ఆడేవాళ్లు చాలామందే ఉన్నారు.

ఒక్క ఆటే చెప్పమంటే మాత్రం చెప్పాల్సింది ‘ఫుల్ థ్రస్ట్’ పేరు. 1990ల ఆరంభంలో ఇంగ్లండులోని గ్రౌండ్ జీరో గేమ్స్ తెచ్చిన అంతరిక్ష నౌకల ఆట ఇది. నియమాలను ఆ కంపెనీయే తర్వాత ఉచితంగా అందుబాటులో పెట్టింది. కొండలు, ఇళ్లు, చెట్లు ఏవీ అక్కర్లేదు, నల్ల దుప్పటి పరిస్తే అంతరిక్షం సిద్ధం. ఇద్దరూ తమ నౌకల కదలికలను ముందే కాగితం మీద రహస్యంగా రాసి, ఒకేసారి కదుపుతారు. క్రితం వంతులో ఎంత వేగం ఉందో అంతే వేగంతో నౌక ముందుకు పోతుంది. ఆపాలన్నా, పెంచాలన్నా, మలుపు తిప్పాలన్నా ఇంజిన్ శక్తి ఖర్చు పెట్టాలి. తొమ్మిదో తరగతి పిల్లాడు న్యూటన్ మొదటి నియమాన్ని ఎన్నిసార్లు బట్టీ పట్టినా, తన నౌకను సమయానికి ఆపలేక గ్రహశకలానికి గుద్దిన రోజు అర్థమైనట్టు అర్థం కాదు.

కాబట్టి మొదటి వారం ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. అట్టముక్కలు నౌక ఆకారంలో కత్తిరించండి, ఏ ముక్కు ముందుందో బాణం గుర్తు వేయండి, లూడో పెట్టెలోంచి పాచికలు తీసుకోండి. తమ్ముడినో, పక్కింటి పిల్లనో కూర్చోబెట్టి రెండు మూడు ఆటలు ఆడండి. ఇద్దరికీ ఇంకా ఆడాలనిపిస్తే అప్పుడు ఒకే ఒక్క చిన్న ప్యాకెట్ బొమ్మలు తెప్పించండి. దానికి రంగులు వేయడం పూర్తయ్యేదాకా రెండో ప్యాకెట్ కొనకండి.