నాయకుడు లేని లోకమున అనుచరపాత్ర

దశరూపకకర్త ధనంజయుడు పతాకానాయకునకు పీఠమర్దుడని పేరు పెట్టి, అతడు నాయకునకు అనుచరుడును, భక్తుడును, గుణములలో అతనికంటె కించిదూనుడును కావలెనని నియమించెను. రామాయణమున సుగ్రీవుడు దీనికి ప్రసిద్ధోదాహరణము. అయితే నాయకుని కథనుండి తొలగించినచో పీఠమర్దుడేమగును? బి.బి.సి. దూరదర్శన ధారావాహిక ‘డాక్టర్ హూ’లో రస్సెల్ టి. డేవిస్ రచించిన ‘టర్న్ లెఫ్ట్’ అను భాగమునకు (2008 జూన్ 21) ఈ ప్రశ్నయే వస్తువు.

1963లో మొదలైన ఈ ధారావాహికకు డాక్టరను కాలయాత్రికుడు నాయకుడు. డోనా నోబుల్ అతని సహచరి. లండనులో తాత్కాలికోద్యోగములు చేసికొనిన సామాన్యస్త్రీ. ఒకనాడు కూడలియొద్ద కారును ఎడమకు త్రిప్పుటచే ఆమె జీవితము డాక్టరు జీవితముతో ముడిపడెను. ఈ భాగమున ఒక జోస్యురాలి మాయచే ఆ గతము మారి, ఆమె తల్లి మాట విని కుడికి త్రిప్పును. డోనా ప్రక్కన లేనందున డాక్టరు థేమ్సునది క్రింద మరణించును. అటుపై విపత్తుల నాపువాడు లేడు. లండను నశించును, డోనా కుటుంబము లీడ్సు నగరమున పరులతో కలిసి ఒక ఇరుకింట తలదాచుకొనును.

ఆ యింటనే ఉన్న ఇటలీదేశీయ కుటుంబమును సైనికులు ఒకనాడు లారీ నెక్కించి కొనిపోవుదురు. కుటుంబపెద్ద కొలాసాంతో ఉల్లాసముగనే వీడ్కోలు చెప్పును. అవి శ్రామికశిబిరములని, గత యుద్ధకాలమునను ఇట్లే పిలిచిరని డోనా తాత విల్ఫ్రెడ్ గ్రహించును. రాక్షసుడొక్కడును లేని యీ దృశ్యమే ఈ భాగమున మిక్కిలి భయావహమని నా యభిప్రాయము. నాయకాభావము ఇచ్చట యుద్ధముచే గాక, పొరుగువాని నిష్క్రమణముచే తెలియవచ్చుచున్నది.

డాక్టరు పాత్రధారి డేవిడ్ టెనెంట్ ఇందు ప్రధానముగా ఆద్యంతములయందే కనబడును. ఇందుకు కొంత నిర్మాణసౌకర్యమే కారణము. డోనా పాత్ర స్వల్పముగానున్న పూర్వభాగము ‘మిడ్‌నైట్’తో దీని చిత్రీకరణము ఏకకాలమున సాగెను. మన నాటకసమాజములలో నాయకపాత్రధారి రానినాడు ప్రదర్శనమే ఆగును! ఇచ్చట ఆ లోపమే కథకు ప్రాణమైనది.

తుదకు డోనాను గతమునకు పంపుదురు. ఆమె కూడలికి అరమైలు దూరమున దిగును. మిగిలినవి నాలుగు నిమిషములు. పరుగున చేరలేనని తెలిసికొని, వచ్చుచున్న లారీకి అడ్డముగా నడచును. ఆమె మరణముచే కుడిదారి వాహనములతో మూసికొనిపోగా, కారులోని పూర్వపు డోనా ఎడమకు త్రిప్పును. తనకై ప్రాణమిడినది తానే యని ఆ కారులోని డోనా ఎరుగదు. సుగ్రీవుడు కిష్కింధారాజ్యము పొందిన పిదప రామకార్యమునకు కదలెను. ఈమెకు అట్టి ఫలమేదియు లేదు. ‘కించిదూన’మను లక్షణము ఇట్టి పాత్రయందు ఎంతవరకు నిలుచునో పరిశోధకులు విచారింపదగును.