చెల్పూరు బూడిదయు జ్వరరక్తమును

జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని చెల్పూరున కాకతీయ తాపవిద్యుత్కేంద్రము కలదు. 500 మెగావాట్ల యంత్ర మొకటి, 600 మెగావాట్లది వేఱొకటి అచ్చట బొగ్గును మ్రింగుచున్నవి. ఆ పొగ గొట్టమెక్కుటకు ముందు వేలకొలఁది వోల్టుల తీఁగెలకును ఇనుపపలకలకును నడుమ సాగును. బూడిదరేణువులు ఋణావేశమునొంది పలకల నంటుకొనును. సుత్తులతోఁ దట్టఁగా క్రిందికి రాలును. అమెరికావాసి కాట్రెల్ 1908లో పేటెంటు పొందిన యుపాయ మిది.

విద్యుత్క్షేత్రమునకు ఇంతకంటె సుకుమారమైన పనియుఁ దెలియును. గాజుపలకపై వెండ్రుకవలె సన్నని కాలువ చెక్కి, అందు చక్కెరనీటిలోఁ గలిపిన రక్తమును బాఱింతురు. ఒకచోఁ దీవ్రముగను ఒకచోఁ మందముగను నుండి, దిశ మాఱుచుండు క్షేత్రమునఁ బడిన కణము ఆవేశము లేకున్నను కదలును. పదియో యిరువదియో వోల్టులు చాలును! హెర్బర్ట్ పోల్ 1951లో దీనికి డైఎలెక్ట్రోఫోరెసిస్ అని పేరిడెను.

మలేరియా క్రిమి సోఁకిన యెఱ్ఱకణము తనలోని లవణములను నిలుపుకొనఁజాలదు. కావుననే క్షేత్రమున దాని నడక వేఱు. 2002లో శాస్త్రజ్ఞులు ఈ భేదమునుబట్టియే రోగకణములను వేఱుపఱచి యొకచోటఁ జేర్చిరి.

రాస్ దోమలో ఆ క్రిమిని 1897లోఁ గనుఁగొనినది మన సికింద్రాబాదుననే. మహాదేవపూరు అడవిపల్లెలలో నేఁటికిని జ్వరపరీక్షకు సూక్ష్మదర్శినియో పరీక్షాపట్టీయో శరణ్యము. క్రిములు మిక్కిలి తక్కువైనచో రెండును పొరపడును. చెల్పూరునకు ఇంత యంత్రసామగ్రిని మోసికొనివచ్చిన ప్రభుత్వమును మే మడుగునది స్వల్పమే: అఱచేతఁ బట్టు నీ గాజుపలకను మన పరిశోధనాలయములచేఁ జేయించి, ముందుగా నా పల్లెలలోనే పరీక్షింపుఁడు.