రాజధాని లేఖ: గుండెకు విప్ జారీ చేయలేరు

పదవిలో ఉండగా కన్నుమూసిన భారత రాష్ట్రపతులు ఇద్దరు. 1969 మే 3న డాక్టర్ జాకిర్ హుస్సేన్, 1977 ఫిబ్రవరి 11న ఫక్రుద్దీన్ అలీ అహ్మద్. ఇరువురినీ బలిగొన్నది గుండెపోటే. 1966 జనవరిలో తాష్కెంట్ ఒప్పందంపై సంతకం చేసిన కొద్ది గంటలకే మరణించిన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రికి, పదవి చేపట్టిన 1964లోనే ఒకమారు గుండెపోటు వచ్చి ఉన్నది. 2017 జనవరి 31న పార్లమెంట్ సెంట్రల్ హాలులో రాష్ట్రపతి ప్రసంగం సాగుతుండగానే కేరళ సభ్యుడు ఇ. అహ్మద్ కుప్పకూలారు, మరునాటికి ఆయన లేరు. సభ్యులను విప్‌తో కట్టడి చేయగల పార్టీలకు సైతం ఈ ఒక్క అవయవం లొంగదు.

అయితే రాజధాని చరిత్రలో ఇందుకు భిన్నమైన అధ్యాయమూ ఉన్నది. 1991 ఆర్థిక సంస్కరణలకు సూత్రధారులైన పి.వి. నరసింహారావు, మన్మోహన్ సింగ్‌లు ఇద్దరూ అంతకు ముందటి యేడు, అంటే 1990లో, గుండె శస్త్రచికిత్స చేయించుకున్నవారే. పి.వి. ఆ తరువాత అయిదేళ్లు మైనారిటీతో మొదలైన ప్రభుత్వాన్ని నడిపి, 2004 డిసెంబర్ వరకు జీవించారు. మన్మోహన్ 2009 జనవరిలో రెండవమారు శస్త్రచికిత్సకు లోనై, అదే యేడు మరల ప్రధాని పీఠమెక్కి, 2024 డిసెంబర్‌లో 92 యేండ్ల వయసున కన్నుమూశారు. జబ్బు పడిన గుండె సైతం క్రమశిక్షణకు లోబడి పనిచేయగలదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. కాగా, ప్రధానికి నిత్యం వైద్యుడు అందుబాటులో ఉంటాడు. సామాన్యునికి ఉండేది అతని అలవాట్లే.

ఉపఖండపు ఉమ్మడి వ్యాధి

ఈ వ్యాధి మన ఉపఖండంపై పగబట్టినట్లున్నది. 52 దేశాలలో జరిగి 2004లో వెలువడిన ‘ఇంటర్‌హార్ట్’ అధ్యయనంలో భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్ ఉన్నాయి. ఇతర దేశాలవారికి తొలి గుండెపోటు సగటున 59వ యేట రాగా, ఈ అయిదు దేశాలవారికి 53వ యేటనే వచ్చినట్లు తేలింది. ఏ విషయంలోనూ ఏకాభిప్రాయానికి రాని ఇరుగు పొరుగు దేశాలు ఇందులో మాత్రం ఒక్కటై ఉన్నాయి.

వంశపారంపర్యమని చేతులు దులుపుకొనడానికీ వీలు లేదు. పొగాకు, రక్తపోటు, మధుమేహం, రక్తంలో చెడు కొవ్వు, బొజ్జ, మానసిక ఒత్తిడి, మద్యం, కూరలు పండ్ల కొరత, వ్యాయామలోపం అనే తొమ్మిదింటికే ముప్పులో అత్యధిక భాగాన్ని ఆ అధ్యయనం ఆపాదించింది. వీటిలో ఏదీ మన చేతికి పూర్తిగా అందనిది కాదు.

లోడీ తోటలో నడక

ఢిల్లీ పెద్దలు ఉదయపు నడకకు ఎంచుకునే చోటు లోడీ గార్డెన్. సికందర్ లోడీ సమాధి చుట్టూ మాజీ మంత్రులు, కార్యదర్శులు, రాయబారులు చకచకా నడచిపోతుంటారు. ఇది కేవలం హోదాకు చిహ్నమని కొట్టివేయరాదు. ఢిల్లీ, బెంగుళూరు ఆస్పత్రులలో రోగులను పరిశీలించి 2004లో ప్రకటించిన అధ్యయనంలో, రోజుకు అరగంటకు పైగా వేగంగా నడిచేంత శ్రమ చేసేవారికి గుండెజబ్బు ముప్పు సగానికి పైగా తగ్గి కనిపించింది. ఆకుకూరలు తినేవారిలోనూ ముప్పు తక్కువే. ఇందుకు ఖర్చు లేదు. లోడీ తోటే ఉండనక్కరలేదు, చెరువు గట్టు చాలు.

అయితే నవంబర్, డిసెంబర్ మాసాలలో రాజధాని గాలి గుండెకు శత్రువు. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి. పొగమంచులోని సూక్ష్మ ధూళి నెత్తురులోకి సైతం చేరుతుంది. గుండెజబ్బు ఉన్నవారు ఆ రోజులలో తెల్లవారుజాము నడక మాని, ఎండ వచ్చాక నడవడం, గాలి మరీ చెడినపుడు ఇంటిలోనే కాళ్లాడించడం మేలు.

ఉప్పు, పొగాకు, మాత్ర

ఆంధ్రభవన్ భోజనశాలలో ఆవకాయ, అప్పడం లేని విస్తరి ఊహించలేము. కాని ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాములలోపు ఉప్పు చాలునంటే, 2017-18 జాతీయ సర్వేలో భారతీయుడు సగటున 8 గ్రాములు తింటున్నట్లు తేలింది. ఊరగాయను మానమనడం తెలుగువారితో అయ్యే పని కాదు. ఊరగాయ వేసుకున్న పూట అప్పడాన్ని వదలడం, మజ్జిగలో ఉప్పు మానడం సాధ్యమే.

పొగాకు విషయంలో మాత్రం ఇట్టి రాజీ కుదరదు. రోజుకు ఒక్క సిగరెట్టే కదా అనుకునేవారికి సైతం, ఇరవై తాగేవారికి గల అదనపు ముప్పులో దాదాపు సగం ఉంటుందని 2018లో వెలువడిన పరిశీలన చెప్పింది. బీడీ, ఖైనీ కూడ నిర్దోషులు కావు.

ఇక మూడవది, రక్తపోటు మాత్ర. నొప్పి లేదు గనుక జబ్బూ లేదని మాత్ర మానేయడం మనవారి అలవాటు. 2017లో ఆరంభమైన రక్తపోటు నియంత్రణ పథకానికి తొలి విడతలో ఎంపికైన అయిదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. ఇంటి దాపున ఉన్న కేంద్రంలో మాత్ర ఉచితంగా, క్రమంగా అందితే జనం మింగుతారన్నదే ఆ పథకపు కీలకం.

సభ బాధ్యత

అలవాట్లు వ్యక్తివే అయినా, వాటికి వీలు కల్పించేది ప్రభుత్వమే. బహిరంగ స్థలాలలో పొగ నిషేధం 2008 అక్టోబర్ 2 నుండి కట్టుదిట్టమైనది. వనస్పతి వంటి నూనెలలో ట్రాన్స్ కొవ్వు 2022 నుండి 2 శాతానికి పరిమితమైనది. సిగరెట్ పెట్టెపై 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ 2016లో అమలులోకి రాకముందు, పార్లమెంటరీ సంఘమొకటి దానిని 50 శాతానికి కుదించమన్నది. మన గుండెలపై తీర్పు ఇట్టి సంఘాల గదులలోనూ జరుగుతుంటుంది.

కనుక నడక, కూర, తగ్గించిన ఉప్పులతో పాటు ఓటరు మరొక అలవాటు చేసుకోవలసి ఉన్నది. తన సభ్యుడు ఊరికి వచ్చినప్పుడు రోడ్డు సంగతితో బాటు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపోటు మాత్రలు నెలనెలా ఉంటున్నవా అని అడగాలి. అడిగేవారు లేనిచోట ఆ మాత్రల సంగతి ఏ సభలోనూ ప్రస్తావనకు రాదు.