కాలిపోవాల్సిన నూనె

చైన్‌సాను కొమ్మకు అడ్డంగా పట్టినా, కింది నుంచి పైకి కోసినా అదే హోరుతో తిరుగుతుంది. కారు ఇంజనును అలా వంచితే అడుగునున్న నూనె ఓ పక్కకు చేరి బేరింగులు ఎండిపోతాయి. చైన్‌సా ఇంజను అడుగున అసలు నూనె తొట్టే లేదు. ఈ యంత్రం మీద నాకు మోజు పుట్టించింది ఆ లేకపోవడమే.

తొట్టి ఉండాల్సిన క్రాంక్ గదిని 1891లో ఇంగ్లండులోని బాత్ ఊరివాడు జోసెఫ్ డే పంపుగా మార్చేశాడు. పిస్టన్ పైకి పోతుంటే కింది గదిలో ఒత్తిడి తగ్గి, ఇంధనం కలిసిన గాలి లోపలికి వస్తుంది. పిస్టన్ దిగేటప్పుడు ఆ గాలే నొక్కుకుపోయి, పక్కదారిన సిలిండరులోకి ఎగజిమ్ముతుంది, కాలిన పొగను బయటికి గెంటుతుంది. డే దగ్గర పనిచేసిన ఫ్రెడరిక్ కాక్ లోపలికొచ్చే దారిని కూడా పిస్టనే మూసి తెరిచేలా చేశాడు. దాంతో కవాటాల పనే లేకుండా పోయింది. ఎంత అందమైన ఆలోచన!

గాలీ పెట్రోలూ నిత్యం పారే గదిలో నూనెను నిలవ ఉంచలేం. అందుకే పెట్రోలులోనే కలుపుతాం. పెట్రోలు ఆవిరయ్యాక మిగిలిన నూనె తడి బేరింగులకూ పిస్టనుకూ పూతలా అంటుకుంటుంది, తర్వాత పైకి పోయి కాలిపోతుంది. నిమిషానికి 12,000 చుట్లు తిరిగితే సెకనుకు 200 మంటలు.

కాబట్టి ఈ నూనె ఎంత జారుతుందన్నదే కాదు, ఎలా కాలుతుందన్నదీ చూడాలి. కారు ఇంజన్ ఆయిల్‌లోని లోహపు రసాయనాలు కాలితే బూడిద మిగిలి ప్లగ్గు మీదా రింగుల సందుల్లోనూ పేరుకుంటుంది. పడవ ఇంజన్లకు వాడే టీసీ-డబ్ల్యూ3లో ఆ బూడిద ఉండదు కానీ, అది నీటితో చల్లబడే ఇంజన్ల కోసం చేసిన నూనె. గాలితో చల్లబడే చైన్‌సా వేడి వేరు.

ఇలాంటి నూనెలకు జపాన్ వాళ్లు పెట్టిన జాసో గ్రేడులు నాకు నచ్చేది ఇందుకే. ఎఫ్‌బీ, ఎఫ్‌సీ, ఎఫ్‌డీ మూడింటికీ కందెన గుణంలో కనీస మార్కు ఒకటే, 95. శుభ్రతలో మాత్రం వరసగా 85, 95, 125. ఎఫ్‌డీ దొరికితే అదే కొనండి.

పాత బజాజ్ చేతక్, లూనా బళ్లు నడిపినవాళ్లకు ఈ కలపడం కొత్త కాదు. కంపెనీ 50:1 పాళ్లలో కలపమంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల నూనె. ఇంకాస్త పోస్తే మంచిదనుకోకండి, మసి పెరుగుతుంది. చైనుకు పోసే నూనె వేరు. వేగానికి చిమ్మిపోకుండా జిగటగా చేస్తారు, దాన్ని పెట్రోలులో కలపకూడదు.