గ్యాస్ గోళీయే కదా అనుకోవద్దు

గోదావరిఖని, రామగుండం బొగ్గుబాయి కార్మికుల ఇళ్లలో మేము తరచు చూసే సంగతి ఒకటుంది. బాయిలో నడుముకో భుజానికో దెబ్బ తగిలినవారు నొప్పి గోళీ వేసుకుంటారు. దానితో కడుపులో మంట. ఆ మంటకు గ్యాస్ గోళీ. మొదట డాక్టరు రాసినదే. తరువాత నెలల తరబడి చీటీ లేకుండా మెడికల్ షాపులో కొన్నది.

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మందులు కడుపులో పుండు పుట్టించగలవు. అందుకే డాక్టర్లు తోడుగా గ్యాస్ గోళీ రాస్తారు. అది మంచిదే. అయితే అదీ మందే.

రానిటిడిన్ సంగతి చూడండి. ఎన్నో ఏళ్లు అందరూ నమ్మి వాడిన గోళీ. అందులో ఎన్.డి.ఎం.ఎ. అనే, క్యాన్సర్ కలిగించవచ్చని భావించే పదార్థం ఉన్నట్లు 2019 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ప్రకటించింది. అక్టోబరులో మన హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ అమెరికాలో అమ్మిన రానిటిడిన్‌ను వెనక్కు పిలిపించింది. 2020 ఏప్రిల్‌లో అక్కడ అన్ని కంపెనీల సరుకునూ తొలగించమన్నారు. నిలవ ఉన్నకొద్దీ, వేడి తగిలినకొద్దీ ఆ పదార్థం పెరుగుతుందని తేలింది. రామగుండం ఎండలు ఎరిగిన మనం ఈ మాట మరువరాదు. మన దేశంలో దానిని నిషేధించలేదు గాని, 2022లో అత్యవసర మందుల జాతీయ జాబితా నుండి తీసివేశారు. వాడినవారందరికీ క్యాన్సర్ వస్తుందని దీని అర్థం కాదు. భయపడి మానేయక, వేరే మందు డాక్టరును అడగండి.

ఇక పరిహారం మాట. పనిలో తగిలిన గాయానికి అయిన వైద్య ఖర్చును యజమాని తిరిగి ఇవ్వాలని 1923 నాటి పరిహార చట్టంలో 2009 సవరణ చేర్చింది. 2025 నవంబరు 21 నుండి ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి అమలులోకి వచ్చింది. చట్టం ఏదైనా, అధికారి అడిగేది కాగితమే. గాయానికి వాడిన మందు వల్లనే కడుపు చెడిందని చీటీ, బిల్లు లేకుండా ఎలా చూపగలం? ముఖ్యంగా కాంట్రాక్టు కార్మికుల కుటుంబాలు ఇక్కడే నష్టపోతాయి.

కాబట్టి అమ్మలారా, అక్కలారా, ఇంట్లో ఒక సంచి పెట్టండి. దెబ్బ తగిలిన రోజు, షిఫ్టు, చూసినవారి పేర్లు ఒక కాగితం మీద రాసి అందులో వేయండి. డాక్టరు చీటీలు, బిల్లులు, ఖాళీ గోళీల అట్టలు కూడా దాచండి. కడుపులో బాధ ఉందని చీటీలో రాయమని డాక్టరును అడగండి. మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం పడినా, మరో గోళీ వేసి పడుకోబెట్టక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఆ సంచి ఇంటి పెద్ద ప్రాణానికీ కాపలా, హక్కుకూ సాక్ష్యం.