మీకు తెలుసా? చాయ్ మానకుండానే పైసలు మిగులుతాయి!

కాస్త ఇలా దగ్గరికి జరగండి. పక్కవాళ్లకు వినపడకుండా చెబుతా! జీతం చిన్నదే. అద్దె ఉంది, ఫీజులున్నాయి, బోనాలకు చుట్టాలొస్తారు. ఆదివారం బిర్యానీ ఉండాల్సిందే! అయినా సరే, మన సికింద్రాబాద్‌లో పైసలు మిగిలే దారులు బోలెడున్నాయి. ఒక్కోటీ వింటే నోరెళ్లబెడతారు!

రోజుకు 7 రూపాయలు పక్కన పెడితే ముసలితనంలో నెలకు 5,000 పెన్షన్! నమ్మరా? అటల్ పెన్షన్ యోజనలో 18 ఏళ్లకే చేరినవాళ్లు నెలకు కట్టేది 210 రూపాయలే. 60 నిండాక బతికినంత కాలం పెన్షన్ వస్తూనే ఉంటుంది! ఆదాయపన్ను కట్టేవాళ్లకు కొత్తగా చేరే వీల్లేదు. అంటే చిన్న జీతమే ఇక్కడ అర్హత!

స్టేషన్ ఎదురుగా ఆల్ఫా హోటల్‌లో ఒక చాయ్ తాగుతారు కదా? ఇంచుమించు ఆ ఖర్చుతోనే ఏడాదంతా 2 లక్షల ప్రమాద బీమా! ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ప్రీమియం ఏడాదికి 20 రూపాయలు. అంతే! బ్యాంకు ఖాతాలోంచి అదే కట్ అవుతుంది. మీ పాస్‌బుక్కులో ఆ 20 ఉందా? ఇవాళే తిప్పి చూడండి!

పోస్టాఫీసులో రికరింగ్ డిపాజిట్‌కు కావలసింది నెలకు 100 రూపాయలు! అందరికీ అందే మెట్టు అది. కాస్త పెంచి వెయ్యి కట్టారనుకోండి. 6.7 శాతం వడ్డీ లెక్కన ఐదేళ్లకు చేతికొచ్చేది 71,366 రూపాయలు! కట్టింది 60 వేలే. మిగతా 11 వేల పైచిలుకు మీరు నిద్రపోతుంటే పెరిగిన సొమ్ము!

ఇంట్లో పదేళ్లలోపు ఆడపిల్ల ఉందా? సుకన్య సమృద్ధి ఖాతా తెరవడానికి 250 రూపాయలు చాలు! ఏడాదికి కనీసం కట్టాల్సిందీ అంతే. పదిహేనేళ్లు కడితే సరి, ఆ తర్వాత పైసా కట్టక్కర్లేదు. అయినా ఖాతా 21 ఏళ్లు నిండేదాకా వడ్డీ పడుతూనే ఉంటుంది! పాపకు పేరు పెట్టిన వారమే ఖాతా తెరవండి!

ఒకప్పుడు హుస్సేన్ సాగర్ ఈ ఒడ్డున ఒక రూపాయి, ఆ ఒడ్డున ఇంకో రూపాయి! కంటోన్మెంట్‌లో బ్రిటిష్ వాళ్ల కల్దార్. అటు నిజాం హాలీ సిక్కా. సికింద్రాబాద్‌లో 6 కల్దార్లు దాచుకున్నవాళ్లకు హైదరాబాద్‌లో సుమారు 7 హాలీ రూపాయలు వచ్చేవి! ట్యాంక్‌బండ్ దాటితేనే జేబు బరువెక్కేదన్నమాట!

రోజుకు ఒక్క రూపాయి! దానితోనే ఒక ఉద్యమం నడిచింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాపై తిరగబడ్డ ఆడవాళ్లు దేశాన్నే కదిలించారు కదా! ఆ జిల్లాలోనే 1990లలో పొదుపులక్ష్మి సంఘాలు పుట్టాయి. సారా దుకాణానికి పోయే డబ్బు అమ్మల పొదుపు పుస్తకాల్లోకి మళ్లింది! ఈనాటి మన బస్తీ పొదుపు సంఘాలకు అక్కల్లాంటివి ఆ సంఘాలే!

"మూడు రూపాయల వడ్డీయే కదా" అని అప్పు తెచ్చారా? ఆగండి! మన లెక్కలో నూటికి నెలకు మూడు. అంటే ఏడాదికి 36 శాతం! ఏ బ్యాంకైనా మీ డిపాజిట్‌పై అందులో పావు వంతు ఇవ్వడమే గొప్ప. కాబట్టి వినండి. ముందు ఆ అప్పు తీర్చడమే అన్నిటికన్నా పెద్ద పొదుపు!

పైసలు ఎన్నేళ్లకు రెట్టింపవుతాయో క్యాలిక్యులేటర్ లేకుండా చెప్పేయొచ్చు! 72ను వడ్డీ శాతంతో భాగించండి. 6 శాతమైతే 12 ఏళ్లు! ఇటలీ గణిత పండితుడు పాచోలీ ఈ చిట్కాను 1494లోనే అచ్చేశాడు! ఇదే అప్పుకూ వర్తిస్తుంది. మూడు రూపాయల అప్పును కట్టకుండా వదిలేశారా? నెలనెలా వడ్డీ మీద వడ్డీ పడితే రెండేళ్లలో డబుల్!

చిట్టీ వేయని ఇల్లు మన వారాసిగూడలో, చిలకలగూడలో వెతికినా దొరకదు! ఇరవై మంది కూర్చుంటారు. పాట మొదలవుతుంది. అవసరమున్న మనిషి తగ్గించి పాడతాడు. అతను వదులుకున్న సొమ్ములోంచి కమిషన్ పోగా మిగిలింది అందరికీ పంచుతారు! చిట్టీ నడిపేవాళ్లు తీసుకోదగ్గ కమిషన్ చట్టప్రకారం గరిష్ఠంగా 7 శాతం. రిజిస్ట్రేషన్ లేని చిట్టీకి మాత్రం దండం పెట్టి తప్పుకోండి!

పాట్ మార్కెట్‌లో నగల స్కీములు 11 వాయిదాలతోనే ఎందుకు ఆగిపోతాయో ఎప్పుడైనా ఆలోచించారా? ముందుగా తీసుకున్న సొమ్ముకు 365 రోజుల్లోపు సరుకు ఇచ్చేయాలి. దాటితే అది డిపాజిట్ కింద లెక్క! అందుకే పన్నెండో నెలకల్లా నగ చేతిలో పెడతారు! ఇంకో గుట్టు. ఈ సొమ్ముకు బ్యాంకు డిపాజిట్‌కున్న బీమా లేదు!

ఆ బీమా ఎంతో తెలుసా? 5 లక్షలు! బ్యాంకు మునిగినా ఒక్కో ఖాతాదారుకు ఒక్కో బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి అంతవరకు భద్రం. 2020 ఫిబ్రవరి దాకా ఇది లక్షే! దీనికి మీరు ప్రీమియం ఒక్క పైసా కట్టరు. బ్యాంకే కడుతుంది!

తాతయ్య ట్రంకుపెట్టెలో పాత పాస్‌బుక్కు ఉందా? పారేయకండి! అడిగే దిక్కు లేక పడివున్న డిపాజిట్లు ఎంతో చెబితే కళ్లు తిరుగుతాయి. 2023 ఫిబ్రవరి నాటికి ప్రభుత్వ రంగ బ్యాంకులు రిజర్వ్ బ్యాంకుకు అప్పగించింది 35,012 కోట్లు! ఉద్గమ్ అనే పోర్టల్‌లో పేరు కొట్టి వెతకొచ్చు. పైసా ఖర్చు లేదు!

జీతంలోంచి కోయకుండా పొదుపు చేయొచ్చా? చేయొచ్చు! అమెరికాలో ఒక కంపెనీ ఉద్యోగులతో రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్జీ ఒకే ఒప్పందం చేశారు. ఇప్పుడేం వద్దు, ఇంక్రిమెంట్ వచ్చినప్పుడల్లా దానిలోంచి కొంత ఇవ్వండి అన్నారు. 40 నెలల్లో వాళ్ల పొదుపు జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి ఎగబాకింది! చేతికొచ్చే జీతం మాత్రం తగ్గినట్టే అనిపించలేదు!

ఖర్చులు రాసుకునే అలవాటును ఒక దేశమంతా నేర్చుకుంది! జపాన్‌లో హానీ మొతోకో అనే మహిళా జర్నలిస్టు 1904లో ఇల్లాళ్ల కోసం పద్దుల పుస్తకం తెచ్చింది. పేరు కకేబో. నేటికీ అక్కడి దుకాణాల్లో దొరుకుతుంది! కిరాణా కొట్టులో కొన్న లాంగ్ నోట్‌బుక్కుతో మన ఇంట్లోనూ మొదలుపెట్టొచ్చు!

అన్నీ దాచుకోవడమేనా, సరదా వద్దా అంటారా? వస్తున్నా, అక్కడికే వస్తున్నా!

రైలెక్కి షికారు కొట్టడానికి 5 రూపాయలు! అవును, ఎంఎంటీఎస్‌లో కనీస టికెట్ అంతే. సికింద్రాబాద్‌లో ఎక్కి కిటికీ పక్కన కూర్చోండి. జేమ్స్ స్ట్రీట్, సంజీవయ్య పార్క్, నెక్లెస్ రోడ్ వరసగా కదిలిపోతాయి. పిల్లలకు ఇంతకన్నా చవకైన విహారం ఏ మాల్‌లో దొరుకుతుంది!

ఆడవాళ్లకు అదీ అక్కర్లేదు! ఆర్టీసీ బస్సులో ఆధార్ చూపిస్తే కండక్టర్ చిన్న చీటీ చింపి చేతిలో పెడతాడు. దాని మీద ధర సున్నా! మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలైంది. 2025 జూలైకల్లా ఇచ్చిన జీరో టికెట్లు 200 కోట్లు! రోజుకు 40 రూపాయల బస్సు ఖర్చు తప్పినవాళ్లకు నెలకు వెయ్యి మిగిలినట్టే. ఆ వెయ్యి ఎక్కడికి పోతోందో ఒక్కసారి వెతకండి!

కడుపునిండా భోజనం 5 రూపాయలకు! 2014 నుంచి జీహెచ్‌ఎంసీ ఈ కౌంటర్లు నడుపుతోంది. మధ్యాహ్నం వరసలో చూడండి. ఆటో అన్న, ఆసుపత్రికొచ్చిన ఊరి పెద్దాయన, పోటీ పరీక్షల కుర్రాడు. అందరి చేతిలో వేడి అన్నం, పప్పు, కూర! వారానికి నాలుగు పూటలు ఇక్కడ తిన్న కుర్రాడికి ఆదివారం బిర్యానీ బోనస్!

రాష్ట్రపతి ఇల్లు చూడటానికి టికెట్ 50 రూపాయలు! బొల్లారంలోని రాష్ట్రపతి నిలయం 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా తెరిచే ఉంటోంది. అక్కడ వంటింటి నుంచి భోజనశాలకు నేల కింద సొరంగం ఉంది! గోడల నిండా మన చేర్యాల బొమ్మలు! నలుగురు వెళ్లినా 200 దాటదు. సినిమా హాల్లో పాప్‌కార్న్ డబ్బులకు రాష్ట్రపతి తోట!

మీరు పుస్తకాలకు ఇప్పటికే డబ్బు కట్టేశారు! ఎలాగంటారా? ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. మరి పేపరు చదవడానికి, పోటీ పరీక్షల పుస్తకాలు తిరగేయడానికి లైబ్రరీకి వెళ్తున్నారా? వెళ్లకపోతే కట్టిన సొమ్మును మీరే వదులుకున్నట్టు!

మోండా మార్కెట్‌కు రాత్రి ఎప్పుడైనా వెళ్లారా? పొద్దున గీచిగీచి బేరమాడినా దిగని ధర, బుట్టలు సర్దే వేళకు తానే దిగొస్తుంది! పాలకూర కట్టల మీద నీళ్లు చల్లుతూ "మొత్తం తీసుకో అక్కా, ఇంటికి పోవాలె" అంటుంది అమ్మే ఆమె. వారానికి 100 మిగిల్చినా ఏడాదికి 5,200! దసరాకు జనరల్ బజార్‌లో బట్టలు వచ్చినట్టే!

ఖర్చు పెడితేనే సంతోషం. కానీ ఎవరి కోసం? 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో కెనడాలో పరిశోధకులు కొందరికి 5 డాలర్లు, కొందరికి 20 డాలర్లు ఇచ్చి సాయంత్రంలోగా ఖర్చు పెట్టమన్నారు. తమ మీద పెట్టుకున్నవాళ్లకన్నా ఇతరుల కోసం పెట్టినవాళ్లే ఎక్కువ ఆనందంగా కనిపించారు! 5 ఇచ్చినా 20 ఇచ్చినా తేడా లేదు! దోస్తుకు ఒక చాయ్ తాగిస్తే లాభం మీకే!

ఎంతున్నా అనుభవించకపోతే ఏం లాభం? 1937లో టైమ్ పత్రిక మన ఏడో నిజాంను ప్రపంచంలోనే అత్యంత సంపన్నుడని ముఖచిత్రంగా వేసింది. ఆయన 184 క్యారెట్ల జాకబ్ వజ్రాన్ని ఏం చేశాడో తెలుసా? కాగితాలు ఎగరకుండా బరువు పెట్టుకున్నాడు! పొదుపులోనూ ఆయన పేరు మోగిపోయింది, పిసినారితనంలోనూ మోగిపోయింది!

ఇప్పుడు ఇంకో చివర చూడండి. అమెరికాలోని మిసిసిపీలో ఓసియోలా మెకార్టీ జీవితమంతా ఇతరుల బట్టలు ఉతికి ఇస్త్రీ చేసింది. ఆరో తరగతిలోనే బడి మానేసింది. 1995లో పేద పిల్లల చదువుకు ఆమె ఇచ్చిన విరాళం లక్షా యాభై వేల డాలర్లు! చిన్న సంపాదనలోంచి కొంచెం కొంచెంగా బ్యాంకులో వేసిన సొమ్మది!

ప్రపంచమంతా పొదుపు దినోత్సవం అక్టోబర్ 31న జరుపుకుంటుంది. మన దేశంలో మాత్రం అక్టోబర్ 30! ఒక రోజు ముందే! పొదుపులో మనం ప్రపంచం కన్నా ఒక అడుగు ముందున్నట్టే లెక్క!

సరే, ఇన్ని విన్నారు. చేయాల్సింది మూడే. జీతం పడిన రోజే 100 రూపాయలైనా పోస్టాఫీసులో వేయండి. మూడు రూపాయల అప్పుంటే దాన్ని ముందు తెంపండి. మిగిలిన దాంట్లో కొంత సరదాకని పక్కన పెట్టి, లెక్క చూడకుండా ఖర్చు పెట్టండి! ఖర్చు పెట్టాక మిగిలింది దాచుకునేవాళ్లకు ఏదీ మిగలదు. దాచుకున్నాక మిగిలింది ఖర్చు పెట్టేవాళ్లకు రెండూ దక్కుతాయి. వచ్చే ఒకటో తారీకునే మొదలుపెట్టండి!