నీరు మారితే చేపపిల్లకు గండం

స్టేషన్ ఘన్‌పూర్: రిజర్వాయరులో దేవాదుల ఎత్తిపోతల ద్వారా వచ్చే గోదావరి నీరు, పొలంలో బోరు నీరు, కుంటలో వాన నీరు. కంటికి అన్నీ ఒకటే, చేపకు మాత్రం కాదు. నీటిలోని పులుపును, క్షారాన్ని తెలిపే కొలత పి.హెచ్. 7 అయితే సమం. తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. చేపలకు 6.5 నుండి 8.5 వరకు అనుకూలం.

రాతి పొరల్లో నిలిచిన బోరు నీటిలో లవణాలు కరిగి ఉంటాయి. వాన నీటిలో అవి స్వల్పం. నాచు పట్టిన కుంటలోనైతే ఒక్క రోజులోనే తేడా వస్తుంది. పగటి ఎండలో నాచు బొగ్గుపులుసు వాయువును పీల్చుకోవడంతో సాయంత్రానికి పి.హెచ్. పెరుగుతుంది, రాత్రి ఆ వాయువు మళ్ళీ నీటిలో చేరి, తెల్లవారేసరికి తగ్గుతుంది.

అందుచేత బయటినుండి తెచ్చిన చేపపిల్లలను ఒక్కసారిగా కుమ్మరించరాదు. సంచిని పావుగంట నీటిపై తేలనిచ్చి, కుంట నీటిని కొద్దికొద్దిగా సంచిలో కలిపి, ఆ తరువాతే వదలాలి.